నాపరాతి నేలలు, వాని పోషణ

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు దారి సుమారు 40 కిలోమీటర్లు. ఆ దారిలో ఏ ఊర దిగి ఏ యింట కాలు మోపినను పాదమునకు మొదట తగులునది చాలచోట్ల నాపబండయే. అరుగున అదియే, పడసాలలో అదియే, వంటయింట గట్టుపైన అదియే, స్నానపుగదిలో అదియే. దొడ్డిచుట్టు కంచెగా నిలువున పాతిన బండలును అవియే. చేతికందునంత దూరమున దొరకు వస్తువును గూర్చి మనుష్యుడు ఆలోచించుట మానివేయును. ఈ రాయి ఎట్టిది, దీనికి హితమేమి, పడనిదేమి అను సంగతి మూడు తరములుగా దానిపై నడచుచున్న ఇండ్లలో సైతము తెలిసినవారు తక్కువ. అందుచేతనే ఏటేట ఎన్నో చక్కని నేలలు మన చేతులతో మనమే పాడుచేసికొనుచున్నాము. పాడుచేయునది మురికి కాదు. మురికి పోగొట్టుటకై మనము తెచ్చు యాసిడు సీసా.

నాపరాయి యనగా సున్నపురాయి. కోట్ల ఏండ్ల క్రిందట ఈ ప్రాంతము సముద్రగర్భమున నుండగా అడుగున పొరపొరగా పేరుకొనిన సున్నపు బురద గట్టిపడి రాయియైనది. పొరలుగా ఏర్పడుటచేతనే గునపముతో ఎత్తిన పలకవలె విడివడి వచ్చును. ఇంతటి వెడల్పు బండలను రంపము లేకుండ పూర్వులు తీయగలుగుట ఆ పొరల చలవయే. భూగర్భశాస్త్రజ్ఞులు వీనిలో ఒక తెగకు కడప జిల్లాలోని నర్జి గ్రామమును బట్టి నర్జి సున్నపురాయి యని పేరు పెట్టిరి. 2022 ఏప్రిలులో ఏర్పడిన నంద్యాల జిల్లాలో బేతంచెర్ల, బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల ప్రాంతములు ఈ బండల గనులకు ప్రసిద్ధములు. తాండూరు బండ, షాబాదు బండ, వంటయిండ్లలో కనబడు నల్లని కడప బండ, ఇవన్నియు సున్నపురాతి జాతివే. రాజస్థానమునుండి వచ్చు పాలరాయియు దీనికి దగ్గరి చుట్టమే. కనుక ఇక్కడ చెప్పబోవునది ఒక్క నంద్యాలవారికే పరిమితము కాదు.

సున్నపురాతికి పుట్టుకతో ఒక శత్రువు కలదు. అది పులుపు. పులుపనగా ఆమ్లము. దీనిని పరీక్షించుటకు ప్రయోగశాల అక్కరలేదు. మూలనున్న విరిగిన నాపపెంకును మేకుతో గీకి, ఆ పొడిపై నాలుగు చుక్కలు నిమ్మరసము పిండి చూడుడు. సన్నని బుడగలు లేచును. రాయి కరగుచు బొగ్గుపులుసు వాయువును విడుచుచున్నదన్నమాట. నిమ్మకాయకే ఇంత జరుగగా, బజారున కొను ఉదజహరికామ్లమునకు ఎంత జరుగునో ఊహింపవచ్చును.

ప్రకృతి ఈ పనినే కొలిమిగుండ్ల మండలములో మహాద్భుతముగా చేసి చూపినది. బెలుము గుహలు చూడనివారు ఈ ప్రాంతమున అరుదు. 1884లో రాబర్టు బ్రూసు ఫుటు వానిని గుర్తించెను. 1982, 83 సంవత్సరములలో డేనియల్ గెబాయరు ఆధ్వర్యమున జర్మను బృందమొకటి వానిలో దూరి కొలతలు తీసెను. ఇప్పటికి తెలిసిన పొడవు 3,229 మీటర్లు. అంత సొరంగమును తొలిచినది ఉలి కాదు, సుత్తి కాదు. వాననీరు గాలిలోను మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును కొంచెము కలుపుకొని, మిక్కిలి బలహీనమైన ఆమ్లమై, నాపరాతి పగుళ్లలో దిగి దిగి లక్షల ఏండ్లకు దానిని కరగించినది. నాలుకకు తెలియనంతటి పులుపు ఆ గుహలను చేసినది. మన స్నానపుగదిలో మనము పోయునది దానికి ఎన్నో రెట్లు తీక్ష్ణమైనది.

అయినను జనులు యాసిడు పోయుటకు కారణము లేకపోలేదు. సున్నపురాతి నేలలగుండ ఊరి వచ్చిన బోరునీరు కఠినజలము. అందు కరగియున్న సున్నపు లవణములు నీరు ఆరినచోటనెల్ల తెల్లని పొరగా మిగులును. కుళాయి క్రింద, బకెట్టు పెట్టు తావున, తూము చుట్టు ఆ తెలుపు దినదినము మందమై గారకట్టును. చీపురుతో రుద్దిన పోదు, సబ్బుతో కడిగిన పోదు. పొరుగింటివారో, బజారులోని అంగడివారో యాసిడు చెప్పుదురు. పోసినంతనే బుసబుస పొంగి తెలుపు మాయమగును, చూచువారికి అద్భుతమనిపించును. ఇచ్చటనే చిక్కున్నది. ఆ తెల్లని గార సున్నపురాయి, క్రిందనున్న బండయు సున్నపురాయి. యాసిడునకు ఇది మురికి, ఇది నేల అను వివేకము లేదు. పైపొరను తినుచు తినుచు బండలోనికి దిగును. పొంగినదానిలో సగము మన నేలయే.

లెక్క చెప్పిన స్పష్టమగును. 73 గ్రాముల ఉదజహరికామ్లము 100 గ్రాముల సున్నపురాతిని కరగించును. ఇది రసాయనశాస్త్రపు లెక్క, ఇందులో మినహాయింపు లేదు. నూటికి పదిపాళ్లు ఆమ్లమున్న ద్రవమును ఒక లీటరు నేలపై కుమ్మరించినచో, అందలి 100 గ్రాముల ఆమ్లము సుమారు 137 గ్రాముల బండను నీటిపాలు చేయగలదు. నెలకొకసారి ఈ సత్కారము పొందు స్నానపుగది బండ కొన్నేండ్లకు ఎట్లుండునో వేరుగ చెప్పవలసిన పని లేదు. మెరుగు పోయి, గరుకై, సందులలోని సిమెంటు తినబడి, బండ అంచులు లేచి కనబడును.

దీని తరువాతి నష్టము మరింత విచిత్రము. ఆమ్లము రాయిని కరగించగా మిగులు లవణమునకు గాలిలోని తేమను పీల్చు గుణము కలదు. బాగుగ కడుగనిచో ఆ నేల ఎప్పుడును చెమర్చినట్లుండి, తొక్కిన ప్రతి పాదపు దుమ్మును పట్టుకొనును. గరుకుదనము దానికి తోడు. నున్నని బండపై నిలువని మురికి గరుకుబండ రంధ్రములలో కాపురముండును. అంతట ఇల్లాలు, "ఎంత కడిగినను ఈ నేల తెల్లబడదు" అని విసిగి మరల సీసా తెప్పించును. రోగమును పెంచు మందును రోగమునకై వాడుట యనగా ఇదియే.

నేల మాట అటుంచి మనుష్యుల మాట చూడవలెను. చాల ఇండ్లలో నేల కడుగుడని చెప్పువారొకరు, కడుగువారు మరొకరు. కిటికీ లేని చిన్నగదిలో ముంగాళ్లపై కూర్చుండి యాసిడుతో బండ రుద్దు పనిమనిషి చేతివ్రేళ్లు పగులుట, కన్నులు మండుట, దగ్గు తెర విడువకుండుట మన లెక్కలోనికి రావు. ఆ ఆవిరికి తలుపు గడియలు, కుళాయిలు, ఇనుప బీరువాలే తుప్పు పట్టుచుండగా ఊపిరితిత్తులు ఊరకుండునా? ఇంకొక ఘోరమైన అలవాటు కలదు. యాసిడు చాలదని దానిపై బ్లీచింగు పొడి చల్లుట, లేదా బ్లీచింగుతో కడిగిన వెంటనే యాసిడు పోయుట. ఈ రెండును కలిసినచో క్లోరిను వాయువు పుట్టును. మొదటి ప్రపంచయుద్ధమున 1915లో సైనికులపై విడిచిన విషవాయువు అదియే. మూసిన స్నానపుగదిలో అది ప్రాణాంతకము. ఈ రెండు వస్తువులను ఒకచోట కలుపరాదు, ఒకదాని వెంట ఒకటి వాడరాదు. ఈ వాక్యమును శ్రోతలు తమ ఇంట పనిచేయువారికి కూడ దయచేసి చదివి వినిపింపవలెను.

యాసిడును అంగడిలో ఉప్పువలె, పప్పువలె అమ్ముటపై సుప్రీముకోర్టు 2013 జులైలో ఆంక్షలు విధించినది. కొనువాని గుర్తింపు చూడవలెనని, అమ్మినదానిని పుస్తకమున వ్రాయవలెనని, పదునెనిమిదేండ్లలోపువారికి అమ్మరాదని ఆదేశించినది. స్త్రీల ముఖములపై జరిగిన దారుణములు దానికి కారణము. నేల శుభ్రతకని కొన్న సీసా ఇంటనుండుటయే అపాయము. దానిని మంచినీటి సీసాలోనో, శీతలపానీయపు సీసాలోనో పోసి ఉంచుట అంతకంటె అపాయము. దప్పిగొన్న పసివాడు లేబులు చదువడు. పొరపాటున మీద పడినచో పడినచోటును కనీసము ఇరువది నిమిషములు ధారగా పారు నీటిక్రింద నుంచవలెను. సున్నము, వెన్న, పసుపు వంటివి పూయరాదు. మ్రింగినచో వాంతి చేయింపరాదు. తక్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను.

ఇచ్చట కొందరికి సందేహము రావచ్చును. "పాలిషు పట్టు మేస్త్రి చివరన ఆమ్లపు పొడి చల్లునుగదా, దానివలన నేల మెరయునుగదా" అని. సందేహము సరియైనదే. అది ఆక్జాలికామ్లము. అది సున్నపురాతితో కలిసినపుడు నీట కరగని పదార్థమై రాతిపైనే సన్నని పొరగా నిలుచును. దానిని కొద్దిగా చల్లి యంత్రముతో ఒత్తి రుద్దుటవలన మెరుగు వచ్చును. ఉదజహరికామ్లము చేయు లవణము నీట కరగిపోవును, రాయియు దానితో పోవును. రెండును ఆమ్లములే, చేయు పని వేరు. ఆక్జాలికామ్లము కూడ విషమే కనుక దానిని మేస్త్రికే విడిచిపెట్టవలెను.

ఇక నాపబండను పోషించు విధానమునకు వత్తము. అది మిక్కిలి సులభము, ఖర్చు లేనిది, కాని నిత్యము చేయవలసినది. నాపరాతిని అరుగదీయునది పాదము కాదు, పాదముక్రింది ఇసుక. ఖనిజముల గట్టిదనమునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పది మెట్ల కొలతలో సున్నపురాతి ఖనిజము మూడవ మెట్టున నున్నది. ఇసుకరేణువు ఏడవ మెట్టున నున్నది. ఇసుక తొక్కుకొని లోనికి వచ్చిన ప్రతి మనిషియు నేలపై ఉప్పుకాగితము గీచినట్లే. కాబట్టి వాకిట గరుకైన పట్టా ఒకటి, గడపలోపల మెత్తని పట్టా ఒకటి పరచుట నేలకు చేయు మొదటి ఉపకారము. కాళ్లు కడుగుకొని లోనికి వచ్చు పాత ఆచారము నేలకును మంచిదే. తడిబట్ట పెట్టుటకు ముందు తప్పక పొడిగా ఊడ్వవలెను. మెత్తని చీపురు, మన సీమవారి పొరక, దీనికి చాలును. ఊడ్వకుండ తడి పెట్టినచో దుమ్ము బురదయై సందులలో చేరును. నల్లరేగడి చేలనుండి వచ్చిన బురదకాళ్ల ఇండ్లలో ఇది మరింత నిజము. రేగడి ఆరనిచ్చి, పెచ్చుగా లేచినపుడు ఊడ్చుట సుఖము. పచ్చిగా రుద్దిన ఇల్లంతయు అలికినట్లగును.

తుడుచుటకు రెండు బకెట్లు ఉండవలెను. ఒకదాన శుభ్రమైన నీరు, రెండవదాన బట్ట పిండు నీరు. ఒకే బకెట్టుతో ఇల్లంతయు తుడుచుట యనగా మొదటి గది మురికిని చివరి గదికి పంచిపెట్టుట. ఇంకొక సంగతి. కఠినజలమున బట్టల సబ్బు కరగక విరిగి, జిడ్డు తునకలై నేలకు అంటుకొనును. సబ్బుతో కడిగిన తరువాత బండ మబ్బువేసినట్లు కనబడుట ఇందుచేతనే. సబ్బుకు మారుగా, అంట్లు తోముటకు వాడు ద్రవమును బకెట్టు నీటికి ఒక చెంచాడు చాలు. కొన్ని సీసాలపై నిమ్మకాయ బొమ్మ ఉండును. వాసనకే కాక నిజముగా పులుపు కలిపినవి కొన్ని కలవు గనుక అవి నాపరాతికి మానుట మేలు. తుడిచిన పిదప మంచినీటితో మరియొక పర్యాయము తుడిచి, చివరకు పొడిబట్టతో ఆరనిచ్చినచో తెల్లని గార పుట్టుటకే అవకాశముండదు. స్నానపుగదిలో దినమునకొకమారు నీటిని రబ్బరు పలకతో తూమువైపు నెట్టివేయుట యాసిడు సీసాలు పది చేయలేని పనిని చేయును. ఫినాయిలు క్రిములకే గాని మురికికి కాదు. వాసన గుప్పుమన్నంత మాత్రమున ఇల్లు శుభ్రమైనట్లు కాదు.

ఇదివరకే గారకట్టిన చోట్ల ఏమి చేయవలెను? వేడినీటిలో చాకలిసోడా కలిపి పోసి, అరగంట నాననిచ్చి, కొబ్బరిపీచుతో రుద్దవలెను. స్నానపుగదిలోని తెలుపులో చాలభాగము సబ్బు జిడ్డే. అది ఊడివచ్చును. చేతికి తొడుగులుండుట మంచిది. మిగిలిన గట్టి గారను పలుచని రేకుబద్దను నేలకు వాల్చి పట్టి మెల్లగా గీకి తీయవలెను. కొంత మిగిలినను మిగులనిండు. మరుగుదొడ్డి పింగాణీకి వాడు ఆమ్లపు ద్రవము పింగాణీకే పరిమితము కావలెను. చుట్టునున్న బండలను ముందుగా నీటితో బాగుగ తడిపియుంచినచో చుక్కలు పడినను వెంటనే పలచనగును.

మరకల సంగతి వంటయింటిది. నూనె ఒలికినపుడు రుద్దరాదు, అద్ది తీయవలెను. లోనికి ఇంకినచో సుద్దపొడిని అంట్లద్రవపు నీటితో ముద్దచేసి మందముగా పరచి, పైన పాలిథీను కాగితము కప్పి ఒక రాత్రి ఉంచవలెను. మరునాడు కాగితము తీసి ముద్దను పూర్తిగా ఆరనిచ్చిన, ఆరుచున్న సుద్ద నూనెను పైకి పీల్చుకొనును. ఒకమారునకు పోకున్న రెండు మూడు మారులు చేయవలెను. పసుపు మరకకు సోడా తగిలించితిరా, అది ఎర్రబారి కుంకుమవలె కనబడును. భయపడవలసినది లేదు, క్షారము తగిలిన పసుపు గుణమది. మామూలు నీటితో తుడిచి, ఎండ తగులుచోటైన ఎండకు విడిచినచో పసుపు దానంతట అది వెలియును. చింతపండు పులుసు, మజ్జిగ, నిమ్మరసము పడిన వెంటనే తుడువవలెను. ఆలసించిన అవి విడుచునది మరక కాదు, మెరుగు తినివేసిన గుంట. అది ఏ మందుకును పోదు. ఇనుప మంచపుకోళ్ల తుప్పు మరకయు ఇంచుమించు అట్టిదే. రబ్బరు బిళ్లలు తొడుగుట ఒక్కటే ఉపాయము. నల్లబండలకు కొబ్బరినూనె రాసి మెరయించు అలవాటు కొందరికి కలదు. ఆ మెరుపు రెండు దినములది, దానికంటిన దుమ్ము రెండు నెలలది.

యాసిడు తిన్న నేలకు మిగిలిన చికిత్స మరల పాలిషు పట్టించుటయే. కరగిపోయిన రాయి తిరిగి రాదు. మిగిలినదానిని సానరాళ్ల యంత్రముతో వరుసగా గరుకునుండి నున్నకు రుద్ది సమముచేయుదురు. సందులలో తినబడిన సిమెంటును ముందుగా పూడ్పించవలెను, లేనిచో ఖర్చు వృథా.

కొన్ని ఇండ్లలో నేల చెడుట కడుగుటలోని లోపముచేత కాదు, క్రింది భూమిచేత. కుందూ పొడవునగల నల్లరేగడి తడిసిన ఉబ్బును, ఎండిన బిగిసి నెరియలు విచ్చును. ఏటేట ఈ ఉచ్ఛ్వాసనిశ్వాసములకు పైనున్న బండలు కదలును. మెత్తని రేగడి తీసివేసి మొరము, ఇసుక నింపి దిమ్మిస చేయకుండ బండలు పరచిన ఇండ్లలో రెండు వానకాలములకే ఎగుడుదిగుడు కనబడును. పునాది ప్రక్కన నీరు నిలువకుండ చూచుట దీనికి సగము మందు. ఆళ్లగడ్డ శిల్పులు దేవతామూర్తులు చెక్కుటలో పేరొందినవారు. శిల్పులు రాతిని తట్టి దాని నాదమును విని మంచిచెడ్డలు నిర్ణయించుట సంప్రదాయము. గృహస్థుడును ఏడాదికొకమారు తన ఇంటి బండలను చిన్న కర్రతో తట్టి వినవలెను. ఖంగున మ్రోగక బోలుగా పలికిన బండక్రింద మట్టి కుంగినదని అర్థము. దానిపై బరువైన రోలు, ధాన్యపు డ్రమ్ము పెట్టినచో పగులును. అప్పుడే ఎత్తి ఇసుక నింపించుట మేలు. ఇక అడుగుతేమచేత గోడమొదట ఉప్పు పూసినట్లగు చోట్లను కడుగరాదు. కడిగిన ఉప్పు కరగి తిరిగి లోనికి పోవును. పొడిగా కుంచెతో రాల్చి ఎత్తి పారవేయవలెను.

తక్కిన నేలలను గూర్చి నాలుగు మాటలు. అలికిన మట్టినేలలు ఇప్పుడు అరుదు. పేడలోని నారపీచు మట్టిని బంధించి దుమ్ము లేవకుండ చేయుట అలుకులోని రహస్యము. బాలింతలున్న గదిలోను, కాలికి పుండున్నవారి గదిలోను మాత్రము పచ్చిపేడ మానవలెను, ధనుర్వాత భయము కలదు. పాత మిద్దెలలోని సున్నపు గచ్చు నాపరాతికంటెను సుకుమారమైనది. దాని దగ్గరకు పులుపు రానీయరాదు. ఎర్రసిమెంటు గచ్చులోని ఎరుపు ఇనుపభస్మము, అది వెలియదు. సిమెంటు మాత్రము యాసిడునకు కరగును. మొజాయికులో చలువరాతి ముక్కలును వానిని పట్టియుంచు సిమెంటును రెండును కరగునవే, కనుక దానికి నాపబండ నియమములే వర్తించును. గ్రానైటు వేరు జాతి. చీమకుర్తినుండి వచ్చు నల్లరాయివంటివి సాధారణపు ఆమ్లములకు లొంగవు. క్రొత్త ఇండ్లలో పరచు విట్రిఫైడు పలకలు నీటిని ఇంచుమించు పీల్చవు, పులుపునకును చెక్కుచెదరవు. కాని ఆ పలకల సందులలో నింపినది సిమెంటే గదా. యాసిడు అచ్చటికే పోయి చేరును. పైగా తడిసిన విట్రిఫైడు పలక మంచుగడ్డవలె జారును. గరుకుతేలిన సహజపు నాపబండ ఈ విషయమున దానికంటె ఎంతయో నమ్మదగినది. వృద్ధులున్న ఇంట స్నానపుగదికి నున్నని పలకలు వేయించుట మాకు సమ్మతము కాదు.

క్రొత్తగా బండలు వేయించువారు ఒకే గనినుండి, ఒకే మారు తెప్పించినవానిలో నాలుగైదు బండలు విడిగా దాచుకొనవలెను. గని మారిన రంగు మారును. పదేండ్ల తరువాత పగిలిన బండకు జత దొరకదు. దాచిన బండలలో ఒకదాని ముక్కపై, అంగడినుండి తెచ్చిన ఏ క్రొత్త ద్రవమునైనను ముందుగా ఒక చుక్క వేసి పది నిమిషములు చూడవచ్చును. బుడగ లేచినచో ఆ సీసాను నేలకు వాడవలసిన పని లేదు.